యాదగిరి బండికి ప్రీమియం పెట్రోలు

"మళ్ళీ ప్రీమియమేనా? మీకెన్నిసార్లు చెప్పాలండీ!"

కొండాపూర్ పెట్రోలు బంకులో, పాత పికప్ ముందు సీట్లోంచి ఉదయశ్రీ కేక వేసేసరికి, మామూలు పెట్రోలు కోసం నిలబడ్డ వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆ వరుస చూడబోతే రోడ్డు మలుపు దాకా ఉంది. ప్రీమియం గొట్టం దగ్గర మాత్రం ఈ ఒక్క బండే.

"ఇంజిన్ ఖుష్ అయితది మేడం," అన్నాడు యాదగిరి నవ్వు దాచుకుంటూ.

"అవదండీ! నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగు. మీ నాన్నగారి కాలం నాటి ఇంజిను ఇది. దీనికి మామూలుదే చాలు."

"మెకానికల్ చదివి కంప్యూటర్ ముంగట కూసుంటున్రు. మా బండి సంగతి మీకేం ఎరుక?"

ఆ పిల్లకు ఒళ్ళు మండింది. మండినా దిగలేదు. ఎలా దిగుతుంది మరి? తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు, ఆటో కనబడితే ఒట్టు. రాయదుర్గం ఆఫీసులకు పూలకుండీలు చేరవేసే ఈ నానక్‌రామ్‌గూడ కుర్రాడు, హాస్టలు ముందు బిక్కమొహంతో నిలబడ్డ భీమవరం పిల్లను చూసి, "ఆ దిక్కే పోతున్న, ఎక్కుండ్రి" అన్నాడు. అప్పట్నుంచీ రోజూ ఎక్కిస్తూనే ఉన్నాడు. బయట నినాదాలు, బండిలో పెట్రోలు పోట్లాట!

పైగా ఊరి నుంచి తండ్రి విశ్వేశ్వరరావుగారి ఫోన్లు. "ఆ గొడవల్లో ఆడపిల్లవి ఎందుకమ్మా? ఎల్లుండి కారు పంపిస్తున్నాను, సామాను సర్దుకుని వచ్చెయ్. ఉద్యోగం ఇంకెక్కడైనా చూసుకుందాం."

ఆ మాట ఉదయశ్రీ యాదగిరితో ఇంకా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తనకే తెలియదు.

అతను చిల్లర తెచ్చుకోవడానికి అవతలికి వెళ్ళాడు. పెట్రోలు పోసే లచ్చమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, పిల్లను ఎగాదిగా చూసింది.

"నువ్వేనా బిడ్డా ఆ పిల్లవు?"

"ఏ పిల్లనండీ?"

"ఒక్కడొస్తే గా మామూలు లైన్లనే గంటసేపు నిలబడతడు. నువ్వు కూసున్నప్పుడే గీ ప్రీమియం. ఏందిరా యాదీ గిట్ల అంటే, ఊకె నవ్వుతడు!"

బండి కదిలాక, ఖాళీ రోడ్డు మీద, రెండు పక్కలా చప్పుడు లేని అద్దాల మేడల మధ్య, ఉదయశ్రీ మెల్లగా అడిగింది.

"నేనెక్కినప్పుడే ప్రీమియం పోయిస్తారట, నిజమేనా?"

యాదగిరి చెవులు ఎర్రబడ్డాయి. "ఇంజిన్‌కు ఏం ఫరక్ పడదని నాకూ ఎరుకనే మేడం."

"మరెందుకండీ?"

"ఇంటికి సుట్టమొస్తే, దాసిపెట్టిన నెయ్యి తీసి ఏస్తం గద. నాకు ఇల్లు లెక్క ఈ బండే. మీరొచ్చి కూసుంటే మామూలుది పోయనీకి మనసొప్పలే."

ఆమె అతనివైపు తిరిగింది. ఎంత చదివీ ఏం లాభం! ఇనుప ట్యాంకులో ఒక మనిషి ఇంత మర్యాద నింపగలడని ఏ కాలేజీలోనూ చెప్పలేదాయె.

"ఎల్లుండి నేను వెళ్ళిపోతున్నానండీ," అంది చివరికి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

యాదగిరి బండి వేగం తగ్గించాడు. తర్వాత, "రేపు సద్దుల బతుకమ్మ. ఒక్కసారి సూసి పోండ్రి," అన్నాడు.

మర్నాడు సాయంత్రం నానక్‌రామ్‌గూడలో బండి దిగబోతూ ఉదయశ్రీ ఆగిపోయింది. ఆంధ్ర పిల్ల ఎందుకొచ్చిందని ఎవరైనా అంటేనో?

ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఆ భయం ఆమెకే గుర్తు లేకుండా పోయింది. తంగేడు, గునుగు, బంతి, మనిషి నడుము ఎత్తున పేర్చిన పూల గోపురాలు! వాటి చుట్టూ వందలమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా వంగి, ఒక్కసారిగా లేచి, చప్పట్లు కొడుతూ ఒకే గొంతుతో పాడుతున్నారు. వెనక మేడల అద్దాల నిండా ఆ పూలే, ఆ చీరలే. ఇన్నాళ్ళూ ఆ అద్దాల లోపల కూర్చుని తను ఏం చూసినట్టు?

యాదగిరి తల్లి మల్లమ్మ ఆమె చెయ్యి పట్టి వరుసలోకి లాగింది. "రా బిడ్డా, చప్పట్లు కొట్టు."

అంతలో ఫోను మోగింది. నాన్న! "కారు తెల్లారకముందే బయల్దేరుతోందమ్మా. ఏంటా గోల? ఎక్కడున్నావ్?"

"అదీ... నాన్నగారూ..." అంది ఉదయశ్రీ. మల్లమ్మ ఫోను లాక్కుంది.

"అన్నా, నమస్తే! నేను యాదగిరి అమ్మను, నీ బిడ్డను రోజు ఆఫీసుకు తోలుకపోయే పోరడు లేడా, వాని తల్లిని. మా కొట్లాట రాష్ట్రం కోసం, నీ బిడ్డతోని మాకేం పంచాయితీ? ఫికర్ జెయ్యకు. చప్పట్లు కొట్టుడు ఇప్పుడిప్పుడే నేరుస్తున్నది, జర ఆడనియ్యి!"

ఫోను మళ్ళీ ఉదయశ్రీ చేతికొచ్చింది. అవతల టీవీ కట్టేసిన చప్పుడైంది.

"నాన్నగారూ?"

"ఆ పాట... ఇంకాసేపు విననివ్వమ్మా," అన్నారాయన. గొంతులో ఇందాకటి కంగారు లేదు.

ఆమె ఫోను పైకెత్తి పట్టుకుంది. పాట ఒక చుట్టు తిరిగొచ్చాక చెవికి ఆనించుకుంది. నాన్నతో నాలుగు మాటలు మాట్లాడి, కళ్ళు తుడుచుకుని, బండికి ఆనుకుని నిలబడ్డ యాదగిరి దగ్గరికి వచ్చింది.

"ఏమన్నరు?"

"కారు వద్దనేశాను. సరే అన్నారు."

"ఇంకేమన్నరు?"

"నన్ను రోజూ తీసుకెళ్ళే అబ్బాయి ఎలాంటివాడని అడిగారు."

"మీరేం జెప్పిన్రు?"

"నేనెందుకు చెప్పాలి? లైన్లోనే ఉన్నారు, నువ్వే మాట్లాడు," అని ఫోను అందించింది. అంది మరి అప్పటికప్పుడు, నువ్వు అని!

రోజంతా వసపిట్టలా వాగే యాదగిరి, చెయ్యి చొక్కాకు రెండుసార్లు తుడుచుకుని, ఆ ఫోనును రెండు చేతులా అందుకున్నాడు.