ఈదమ్మ మందు

వనపర్తిలో జిరాక్స్ దుకాణం పైనున్న డిటెక్టివ్ రెబెకా ఆఫీసుకు ఆ మధ్యాహ్నం వచ్చిన జములమ్మ, కూర్చోమన్నా కూర్చోలేదు. నల్లమల కొండమీది పెంట అనే చెంచుగూడెం నుంచి రెండు బస్సులు మారి వచ్చిందామె.

"మా అవ్వను ఠాణాల కూసోబెట్టిన్రు మేడమ్. మందుల విషం పెట్టిందంటున్రు."

అవ్వ పేరు ఈదమ్మ. నలభై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఆకు, వేరు ఉచితంగా ఇస్తున్న మనిషి. కొండ కింది ఊళ్లో హోటల్ నడిపే వెంకట్రాములుకు కామెర్లొస్తే మూడు రోజులకు మందిచ్చింది. రెండు రోజులు బాగానే ఉన్నాడు. మూడో రోజు మందు తాగిన గంటకే కంటిపాపలు పెద్దవై, లేనివాళ్లతో మాట్లాడుతూ పడిపోయాడు. ఉమ్మెత్త విషమని దవాఖానలో తేల్చారు. ప్రాణం నిలిచింది గానీ ఇంకా తెలివి రాలేదు.

ఒకప్పుడు నర్సుగా పనిచేసిన రెబెకా వెంటనే లేచింది. ఆమె అసిస్టెంట్ శ్రవణ్ కుమార్ కారు తాళాలు తీశాడు. మేడమ్ తక్కువ మాట్లాడిన రోజే ఎక్కువ కనిపెడుతుందని అతని నమ్మకం.

ఠాణా బెంచీ మీద ఈదమ్మ నిటారుగా కూర్చుని ఉంది.

"ఏం మందిచ్చినవ్ అవ్వా?" అడిగింది రెబెకా.

"నేలఉసిరి. పొడి చేసి ఇయ్యను, నూరి ఇయ్యను. వేరుతోటి మొక్కనే ఇస్త. ఇంటోళ్లు చూసి, గుర్తుపట్టి, వాళ్ల చేతులతోనే నూరుకోవాలె. చేదుకు జర తేనె సొరబుర్రల పోసిచ్చిన. ముందుగాల నెత్తురు పరీక్ష చేపిచ్చుకొని రమ్మన్న. ముదిరితే దవాఖానకే పొమ్మంట."

"ఉమ్మెత్త మీ పెంటల ఉంటదా?"

"మా పెంటల యాడిది బిడ్డా? అది ఊరి చెత్తకాడ మొలుస్తది."

శ్రవణ్ రాయడం ఆపి ఆమెనే చూశాడు. ఏ కాలేజీలోనూ చదవని ఈ ముసలామె, మందులో మోసానికి చోటే లేకుండా పద్ధతి పెట్టుకుంది.

వెంకట్రాములు ఇంట్లో భార్య వసంత రోలు దగ్గర మిగిలిన మొక్కలు చూపించింది. రెబెకా ఒక్కో రెమ్మ తిప్పి చూసింది. ప్రతి రెమ్మకూ అడుగున చిన్న కాయల వరుస. అన్నీ నేలఉసిరే. వాకిట్లో సొరబుర్ర పగిలిపడి ఉంది.

"ఇది ఎప్పుడు పగిలింది?"

"మందు మొదలువెట్టిన రెండో దినం. పిల్లి దుంకింది మేడమ్."

రెబెకా ఆమెను వంటింట్లోకి తీసుకెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు సంచిలో ఏదో గుడ్డలో చుట్టి తెచ్చింది.

అక్కడి నుంచి రోడ్డు మీద మందుల సీసాలు, తేనె అమ్మే సతీష్ దుకాణానికి వెళ్లారు. అతని బల్ల మీద కామెర్ల మందు సీసాలు వరుసగా ఉన్నాయి, దుమ్ము పట్టి.

"అడివి మనిషి మేడమ్. ఏది ఏం ఆకో ఆమెకేం తెలుసు?" అన్నాడు సతీష్.

"వసంత ఈ మధ్య ఇక్కడికి వచ్చిందా?"

"ఆ ఇంటోళ్లు నా గడప తొక్కి ఏడాదైంది."

రెబెకా దుకాణం వెనక్కి నడిచింది. చెత్తకుప్ప పక్కన ఉమ్మెత్త పొద. కాయలు కొన్ని తెంపిన గుర్తులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

మూడు రోజుల తర్వాత వసంత వాకిట్లోనే రెబెకా అందరినీ కూర్చోబెట్టింది. ఎస్సై, ఈదమ్మ, జములమ్మ, సతీష్, ఊరి పెద్దలు.

"విషం ఆకులో లేదు. ఈదమ్మ మొక్కను మొక్కగానే ఇస్తుంది, అందులో ఇంకోటి కలిపే సందు లేదు. ఆకుతో పాటు కడుపులోకి పోయినదాంట్లో ఉంది."

"నా తేనెల ఏం లేదు!" సతీష్ లేచి నిలబడ్డాడు.

"తేనె మాట నేను ఎత్తలేదు," అంది రెబెకా. "నీ దుకాణానికి ఆ ఇంటివాళ్లు రానే లేదన్నావు కదా?"

వసంత ముందుకొచ్చి చెప్పింది. "బుర్ర పగిలినంక తేనెకు వీని దుకాణానికి పోయిన సారూ. ఎందుకక్కా తేనె అన్నడు. అవ్వ మందులకు అని చెప్పిన. మంచిది లోపల ఉంది, ఆగుమని పోయి శానసేపటికి తెచ్చిండు."

"ముందే ఎందుకు చెప్పలేదు?" ఎస్సై కసిరాడు.

"అందరు ఆకు గురించే అడిగిన్రు. వంటింట్ల మేడమ్ అడిగేదాంక తేనె సంగతి ఎవ్వరడగలే."

రెబెకా సంచిలోంచి పరీక్ష రిపోర్టు తీసి ఎస్సైకి ఇచ్చింది. వంటింట్లో దొరికిన సీసా అడుగున నూరిన ఉమ్మెత్త గింజలున్నాయి. "ఈదమ్మ మీద నమ్మకం ఉన్నన్ని రోజులు ఇతని సీసాలు కదలవు. ఆ నమ్మకాన్నే చంపాలనుకున్నాడు."

"మనిషిని చంపాలనుకోలే," అన్నాడు సతీష్. "జర పిచ్చి లేస్తే చాలనుకున్న."

వెంకట్రాములుకు ఆ ఉదయమే తెలివి వచ్చిందని చెప్పి ఎస్సై ఈదమ్మ ముందు చేతులు జోడించాడు. "తప్పైంది అవ్వా. జీపుల పెంటకు దింపుత."

"పెంటకు తర్వాత పోదాం. ముందు ఈ సతీష్ ఇంటికాడ ఆపు సారూ. వీని తల్లికి నేను కట్టే మోకాళ్ల ఆకుకట్టు మార్చక వారమైంది."

ఈదమ్మ కంచె దగ్గరికి నడిచి ఆ కట్టు కోసం వావిలాకు కోయబోయింది. కొమ్మ ఎత్తుగా ఉంది. శ్రవణ్ పరుగున వెళ్లి దాన్ని ఆమె చేతికి అందేలా వంచి పట్టుకున్నాడు.