మలుపులో గేరు లాగిన చెయ్యి

కొండ దిగేటప్పుడు ఆఖరి మలుపు ఉంది చూశారూ... అది మంచిది కాదండీ. అక్కడ దెయ్యముందట, బండి గేరు దానంతటదే పడిపోతుందట. పాత డ్రైవర్లు కూడా చీకటి పడ్డాక అక్కడ నోరెత్తరు, తిన్నగా ముందుకు చూస్తూ దిగిపోతారు.

నేను చూసింది కాదు, విన్నదే చెబుతున్నా. నమ్మితే నమ్మండి, లేదంటే మీ ఇష్టం.

ఒక బావ, ఒక బావమరిది. బావ స్కూలు బస్సుల మేనేజరు. కొత్తగా స్పోర్ట్స్ కారు కొన్నాడు. గేర్లు అదే మార్చుకుంటుంది, క్లచ్ ఉండదు. కావాలంటే మనమూ మార్చుకోవచ్చు — స్టీరింగు వెనక రెండు చిన్న రెక్కలుంటాయి, ఎడమది లాగితే గేరు తగ్గుతుంది, కుడిది లాగితే పెరుగుతుంది. అవి లాగుతూ ఇంజన్‌ని అరిపించడం ఆయనకి మహా సరదా. అంతకన్నా సరదా, బావమరిదిని ఏడిపించడం.

బావమరిది పాత వ్యాన్లు నడిపినవాడు. బస్సు ఉద్యోగం ఇప్పించమని బావ చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. అది వస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

"దెయ్యమంటే దడుచుకునేవాడి చేతిలో పిల్లల్ని ఎలా పెట్టనురా? ఈ రాత్రి నా కారు కొండ దింపు. ఆ మలుపు దాటించావా, బస్సు నీదే," అన్నాడు బావ.

వాడు స్టీరింగు దగ్గర, బావ పక్కన, బావ పెళ్ళాం, అంటే వాడి అక్క, వెనక సీట్లో. ముగ్గురూ బెల్టులు పెట్టుకున్నారు. బాగానే దింపాడు పాపం. మలుపు దగ్గరపడింది...

టింగ్... టింగ్... టింగ్...

"ఏంటి బావా ఆ చప్పుడు?"

"ఏ చప్పుడురా? నాకేం వినిపించట్లేదే," అన్నాడు బావ, గుసగుసగా.

వాడు స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. ఇదొక్కటి దాటేస్తే చాలు, బస్సు నాదే అనుకున్నాడు. మలుపులోకి తిప్పాడు —

గేరు పడింది.

ఇంజన్ ఒక్కసారిగా ఊళ పెట్టింది. వెనక నుంచి ఎవరో పట్టి లాగినట్టు కారు కుదిపింది. వాడు వేలు కూడా కదపలేదు. ఉలిక్కిపడ్డాడు... అంతే, ఏళ్ళ తరబడి అలవాటైన ఎడమ కాలు లేచి క్లచ్ తొక్కేసింది. చివరికంటా.

క్లచ్ లేదు కదండీ. అక్కడున్నది బ్రేకు.

కారు గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది. అక్కకీ తమ్ముడికీ గీతలు పడ్డాయి. బావకి మెడ విరిగింది. చావలేదు. కళ్ళు తప్ప ఏమీ కదలవు, మాట పోయింది.

"నేను వెయ్యలేదక్కా... ఒట్టు, నేను వెయ్యలేదు," అని వాడు రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. ఎవరు నమ్ముతారు? చేతకాని వెధవ బావని మంచాన పడేశాడన్నారు. బస్సు మాట దేవుడెరుగు.

అప్పుడు అక్క నోరు విప్పింది. "నేను చూశాను. ఆడదాని చెయ్యి... తడిగా ఉంది. అదే గేరు లాగింది."

అందరూ నమ్మారు. స్కూలు యజమానికి ఆ మలుపంటే ముందే వణుకు. వాడికి బస్సు ఇచ్చేశాడు.

ఇదంతా నాకెలా తెలుసంటారా? నేను ఆ బావగారి దగ్గర ఆయానండీ. ఒళ్ళు తుడిచేది, పక్క మార్చేది నేనే. ఓ రోజు ఆయన్ని ఒత్తిగిలిస్తుంటే, ఆయన భార్య, ఆ అక్కే, దుప్పటి సర్దుతూ చెప్పింది.

"ఆ టింగ్ టింగ్ బెల్టు తీసేస్తే కారు కొట్టే గంట. ఈయనే తీశాడు. నాకు కన్ను కొట్టి, వంగి, ఎడమ రెక్క లాగాడు."

"ఆపలేకపోయారా అమ్మా?" అన్నాను.

"పెళ్ళైనప్పటి నుంచీ ఆపుతూనే ఉన్నాను," అంది.

ఆయన వింటూనే ఉన్నాడు.

ఇప్పటికీ చూడ్డానికి ఎవరో ఒకరు వస్తుంటారు. ఆవిడ మంచం పక్కనే కూర్చుని, ఆ తడి చెయ్యి గురించి పూసగుచ్చినట్టు చెబుతుంది. ఆయన రెప్పలు టపటపా కొడుతూనే ఉంటాడు, నీళ్ళు కారేదాకా.

"పాపం, ఆ దెయ్యం భయం ఇంకా పోలేదు," అంటారు వచ్చినవాళ్ళు.

నేను లేచి ఆయన కళ్ళు తుడుస్తాను.