వీపు వెనక కొక్కెం

హెలికాప్టర్ సరస్సులో పడింది. పైలట్ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. వెనక సీట్లో కూర్చున్న రాయబారి రాలేదు. గజ ఈతగాళ్లు దిగి చూస్తే ఆయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. చేతులు రెండూ వీపు వెనక్కి మెలి తిరిగి, అందని కొక్కేన్ని ఇంకా వెతుక్కుంటున్నాయి.

పేపర్లు ప్రమాదం అన్నాయి. హెలికాప్టర్ విహారాలు నడిపే కంపెనీ తీవ్ర విచారం ప్రకటించి, మళ్లీ టిక్కెట్లు అమ్మడం మొదలుపెట్టింది.

"ప్రమాదం కాదు. మర్డర్," అన్నాడు చీఫ్.

ఇస్త్రీ దుకాణం మీది గది. కింది నుంచి తడి బట్టల ఆవిరి వాసన. బల్ల మీద రాయబారి కట్టుకున్న పసుపు పట్టీల హార్నెస్. దానికి ఇటుపక్క ఉడుము. పట్టుకుంటే వదలడని సీక్రెట్ సర్వీసులో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. అటుపక్క చీఫ్. ఆఫీసులోనే చీఫ్, ఇంట్లో బావ, ఉడుము అక్క మొగుడు. ఆ అక్క కూడా బల్ల చివర కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది. శత్రువుల రహస్య సంకేతాలు విప్పడంలో ఆవిడని మించినవాళ్లు సర్వీసులో లేరు.

"ఇవి తలుపులు పీకేసిన హెలికాప్టర్లు. ఫోటోలు బాగా రావాలని," అన్నాడు చీఫ్. "జనం జారి పడకుండా ఈ హార్నెస్. కొక్కెం వీపు వెనక ఉంటుంది. స్క్రూ తిప్పి బిగిస్తారు. కట్టుకున్నవాడికి చెయ్యందదు."

"మరి విప్పేదెవరు?"

"దిగాక, కింద ఉండే లోడర్. జనాన్ని ఎక్కించి దించేవాడు."

"దిగకపోతే?"

చీఫ్ హార్నెస్‌ని వేలితో చూపించాడు.

"గొడుగు ముఠా పని ఇది," అన్నాడు. "విదేశీ సరుకు. బాంబుల్లేవు, బుల్లెట్లు లేవు. ట్యాంకులో నీళ్లు కలుపుతారంతే. పైపుల్లో మిగిలిన ఇంధనంతో ఇంజన్ లేస్తుంది. సరస్సు మీదికి వెళ్లేసరికి నీళ్లు తాగి చస్తుంది. మిగతా పని కొక్కెం చూసుకుంటుంది."

ముఠా తెలివిని మెచ్చుకోవాల్సిన పనేం లేదు. ఆ కంపెనీలో ఎవరూ ఏదీ సరిగ్గా చూడరన్న ఒక్క సంగతి కనిపెట్టారు వాళ్లు. చంపడానికి అది చాలు.

ముఠా సంకేతాల్ని అక్క విప్పేసింది. అందుకే ఇప్పుడు ఆవిడ తల కావాలి వాళ్లకి. ఈ కబురు మోసుకొచ్చింది చిలక. ముఠాలో ఫోటోగ్రాఫర్ వేషం, మనకి రహస్య స్నేహితురాలు. డబుల్ ఏజెంట్. అక్క విహారానికి వస్తే ముఠా తప్పకుండా మళ్లీ నీళ్లు కలుపుతుందని ఆమె మాట. ఉడుము లోడర్ వేషంలో చేరాలి, ఎగిరే ముందు ట్యాంకు పరీక్షించాలి. నీళ్లు కనిపిస్తే ఫ్లైట్ ఆపి, ట్యాంకు నింపినవాణ్ని అక్కడికక్కడే పట్టుకోవడం. లేకపోతే అక్క ఓ చుట్టు తిరిగి క్షేమంగా దిగడం.

"అంటే ఎర నేనా?" అంది అక్క. "బాగుంది. పెళ్లయిన ఇన్నేళ్లకి నన్ను షికారు పంపుతున్నారు, అదీ చావడానికి."

చీఫ్ దగ్గాడు.

"ట్యాంకు నేను చూస్తానక్కా," అన్నాడు ఉడుము. "ప్రతి బొట్టూ చూస్తా."

"నువ్వు చూశానంటే ఎక్కుతాను రా. ఈయన మాట నమ్మి సిటీ బస్సు కూడా ఎక్కను."

ఉడుముకి సామాన్లు ఇచ్చారు. బ్లేడు దాగిన గడియారం, పేలుడు మందు వాసన పట్టే పెన్ను, చొక్కా గుండీలో రేడియో. ట్రైనింగ్ కూడా ఇచ్చారు. ట్యాంకు అడుగున చిన్న వాల్వ్ ఉంటుంది. దాన్ని తిప్పి ఇంధనం గాజు సీసాలోకి పట్టాలి. నీళ్లు బరువు కాబట్టి అడుక్కి దిగుతాయి, ఇంధనం పైన తేలుతుంది, మధ్యలో గీత కనిపిస్తుంది. గీత ఉందా, నీళ్లున్నట్టు. ఆ ఇంధనం కిరసనాయిలు లాంటిదే. ట్రైనింగ్ సాగినన్నాళ్లూ చేతులకి ఆ కంపు వదల్లేదు. ఏ బిస్కెట్ కొరికినా స్టవ్ కొరికినట్టే ఉండేది. వాళ్లావిడ విడి పక్క వేసింది.

విహారం రోజు రానే వచ్చింది.

హెలిప్యాడ్ దగ్గర వెయిటింగ్ రూమ్ కిటకిటలాడుతోంది. గోడమీద టీవీలో జాగ్రత్తల వీడియో దానంతటది ఆడుతోంది. ప్రమాదంలో పట్టీ కోసుకోవడానికి కత్తి ఎక్కడుంటుందో చూపిస్తోంది. దానికింద జనం సెల్ఫీలు దిగుతున్నారు. సౌండ్ ఆపేసి ఉంది. ఎవరు ఆపారని అడిగితే, "తల నొప్పండీ, రోజంతా అదే గోల," అన్నాడు సూపర్‌వైజర్. ఉడుము నవ్వి ఊరుకున్నాడు. వేషం బయటపడకూడదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ట్యాంకు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటుండగా వెనక నుంచి ఖరీదైన సెంటు గుప్పుమంది.

"గాలి ఎలా ఉంది ఇవాళ?"

కోడ్ వర్డ్. చిలక. ఎర్ర జాకెట్, మెడలో పెద్ద కెమెరా, ఎవరికోసమూ తొందరపడని నడక.

"జుట్టు చెరిపేంత లేదు," జవాబు కోడ్ చెప్పాడు ఉడుము.

"లోడర్ బట్టల్లో కూడా హీరోలా ఉన్నావే. ఏదీ, ఓ ఫోటో."

ఇక్కడే చెడింది. ఉడుము వాల్వ్ తిప్పాడు. సీసా నిండింది. పట్టిన చెయ్యి తడిసింది. సీసాని ఎత్తి, కెమెరాకి దవడ బాగా కనపడేలా మొహం తిప్పి, ఎండలో చూశాడు. అద్దంలా తళతళలాడుతోంది. గీత లేదు. ఒక్క మరక లేదు.

"క్లీన్," అన్నాడు స్టయిలుగా. సీసా ఒంపేసి బొటనవేలు చూపించాడు. చిలక కెమెరా క్లిక్‌మంది.

తర్వాత హార్నెస్‌లు. వెనక సీట్లో అక్కని కూర్చోబెట్టి కొక్కెం తగిలించి స్క్రూ తిప్పాడు. ముందు సీట్లో పైలట్ పక్కన చిలకకీ అదే మాదిరి. పైలట్‌కి మాత్రం వేరే బెల్టు, నడుం దగ్గర నొక్కితే ఊడొచ్చేది.

"కత్తి ఎక్కడుందిరా?" అడిగింది అక్క.

చూస్తే కత్తి సంచీ జారి చంక వెనక్కి పోయింది. మళ్లీ ముందుకి తేవాలంటే పట్టీలన్నీ వదులు చెయ్యాలి. లైన్లో జనం విసుక్కుంటున్నారు. సూపర్‌వైజర్ చిటికెలేస్తున్నాడు.

"అక్కడే ఉందిలే అక్కా. దాంతో పని రాదు."

"ట్యాంకు చూశావా?"

"చూశాను."

అక్క తలూపింది. కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకుంది.

రెక్కలు తిరగడం మొదలైంది. ఉడుము దూరంగా వచ్చి నిలబడి, గుండీలోకి "ట్యాంకు క్లీన్, పిట్ట ఎగురుతోంది" అని చెప్పి, జేబులోంచి బిస్కెట్ తీసి కొరికాడు. ఆకలి మీద ఉన్నాడేమో, బాగుంది. రెండోది కొరికాడు. తియ్యగా, వెన్న వాసనతో, బిస్కెట్ అచ్చం బిస్కెట్ లాగే ఉంది.

నమలడం ఆగిపోయింది.

తడిసిన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ కంపూ లేదు. కిరసనాయిలు లేదు. అంటే సీసాలోకి వచ్చింది ఇంధనం కాదు. గీత ఎలా కనిపిస్తుంది? పైన తేలడానికి బొట్టు ఇంధనమైనా ఉంటే కదా! అడుగున చేరిన నీళ్లే సీసా నిండా వచ్చాయి. ఆ నీళ్లని ఎండలో పెట్టి మరీ మెచ్చుకున్నాడు.

పరుగెత్తాడు. హెలికాప్టర్ నేల వదిలింది. చేతులు అడ్డంగా ఊపాడు. పైలట్ చూశాడు. చూసి నవ్వాడు. ఆ నవ్వుతో ముఠా మనిషెవరో తేలిపోయింది. ఉడుము ఎగిరి కింది కడ్డీ పట్టుకున్నాడు. పట్టుకున్నాక వదలడం అతని ఒంట్లో లేదు. పాకి, ఈడ్చుకుని, తలుపులేని సందులోంచి వెనక సీటు కింద పడ్డాడు. కింద ఒడ్డు వెనక్కి పోయి సరస్సు పరుచుకుంది.

అక్క మొహంలో రక్తం లేదు. తమ్ముడు ఎందుకొచ్చాడో ఆవిడకి విప్పి చెప్పక్కర్లేదు. ఉడుము ఆవిడ వీపు వెనక చెయ్యి పెట్టి స్క్రూ తిప్పబోయాడు. రాలేదు. ఎంత బిగించాడో! చంక వెనక కత్తి సంచీ పట్టీల కింద ఇరుక్కుని తెరుచుకోలేదు. గడియారం బ్లేడుతో పట్టీ కొయ్యబోయాడు. తాళ్లు, వైర్లు కోసే బ్లేడది. అంత మందం పట్టీ మీద పుటుక్కున విరిగింది. మనుషుల్ని కట్టేయడంలో కంపెనీ మాత్రం ఏ లోటూ చెయ్యలేదు.

తలకి హెడ్‌సెట్ తగిలించుకుని, "వెనక్కి తిప్పు!" అని అరిచాడు.

ముందు సీట్లోంచి చిలక ఇటు తిరిగింది. చేతిలో పిస్తోలు.

"కూర్చో హీరో. ముఠా నీ సర్వీసు కంటే బాగా ఇస్తుంది జీతం. నీళ్లలో పడగానే నా హుక్ ఊడొస్తుంది. నాకు స్పెషల్ అన్నారు."

"అన్నదెవరు?"

"వీడే."

"నీకు తగిలించింది నేను. మా అక్కకి పెట్టిందీ నీకు పెట్టిందీ ఒకటే రకం. చెయ్యి పెట్టి చూసుకో."

చిలక చెయ్యి వీపు వెనక్కి పోయింది. కిందినుంచి ప్రయత్నించింది. పైనుంచి ప్రయత్నించింది. వేళ్లు గాలిని గీరాయి. లిప్‌స్టిక్ చుట్టూ మొహం తెల్లబడింది. పిస్తోలు పైలట్ కణత మీదికి మారింది.

"ఏరా, నాకు స్పెషల్ అన్నావే?"

"కాల్చు," అన్నాడు పైలట్. "కాల్చాక ఎవరు నడుపుతారో మీలో మీరు తేల్చుకోండి."

ఇంజన్ ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది.

ఉడుము సీట్ల మధ్యనుంచి వంగి పైలట్ నడుం దగ్గర బెల్టు నొక్కాడు. టప్పున ఊడింది. మరుక్షణం వాడి కాలర్ ఉడుము పిడికిట్లో ఉంది. పైలట్ పక్కన తలుపు లేదు. కింద ఎక్కడో లోతున నీళ్లు.

"ఇంత ఎత్తునుంచి పడితే ఈత పనికి రాదు," అన్నాడు ఉడుము. "ఇప్పుడు నీ బెల్టు నా చెయ్యే. తిప్పుతావా, వదలనా?"

పైలట్ తిప్పాడు. ఒడ్డు దగ్గరికొచ్చింది. ఇంజన్ దగ్గింది, ఇంకోసారి దగ్గింది. హెలికాప్టర్ కిందికి, ఇంకా కిందికి దిగి, ఇసుక మీద మనిషెత్తున ఉండగా ఇంజన్ పూర్తిగా చచ్చింది. దభీమని కూలబడింది. అందరి పళ్లూ టకటకలాడాయి. అన్నీ ఎవరి నోట్లో వాళ్లకే ఉన్నాయి.

సర్వీసు మనుషులు పరుగున వచ్చారు. పైలట్‌కి బేడీలు పడ్డాయి. చిలక పారిపోవాలని చూసింది గానీ పాపం సీటు వదల్లేకపోయింది. తన సీట్లోనే అరెస్టయింది. ఉడుము కూడా వాళ్ల మధ్య నిలబడి, ఎవడు ఎక్కడ దాక్కున్నాడో పైలట్ చేత కక్కిస్తున్నాడు. ఎవరో భుజం తట్టారు. ఎవరో శభాష్ అన్నారు.

"ఒరేయ్."

వెనక్కి తిరిగాడు. అక్క ఇంకా సీట్లోనే ఉంది. చేతులు వీపు వెనక మెలి తిరిగి ఉన్నాయి.

ఉడుముకి భూమి చీలితే బాగుండుననిపించింది. వెళ్లి, రెండు చేతులతో, వేళ్లు చీరుకుపోతుండగా స్క్రూ తిప్పాడు. అక్క మొహంలోకి చూడలేకపోయాడు. ఆవిడ మెడ మీద పట్టీ ఒరుసుకున్న ఎర్రటి చార మాత్రమే కనిపిస్తోంది.

"చూశానన్నావు," అంది అక్క మెల్లగా.

"చూశానక్కా. చూడటం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. వాసన పట్టలేదు. కత్తి అడిగితే దాటేశాను. ఫోటోకి మొహం పెట్టాను."

కొక్కెం ఊడింది. అక్క దిగి నిలబడింది. ఆసరాకి తమ్ముడి భుజం పట్టుకోవడానికి చెయ్యి చాచి, మళ్లీ ఆలోచించి, హెలికాప్టర్ కడ్డీనే పట్టుకుంది.

గుండీ రేడియో గరగరలాడింది. "శభాష్ బావమరిదీ!" చీఫ్ గొంతు. "ముఠా మొత్తం దొరుకుతోంది. నీకు మెడల్‌కి రాస్తున్నా!"

"వద్దు బావా," అన్నాడు ఉడుము. "ఆ ట్యాంకు నేనే..."

అక్క అతని చొక్కా గుండీ పట్టుకుని తన వైపు లాక్కుంది.

"ఇవ్వండి మెడల్, ఫర్వాలేదు," అంది మొగుడితో. "కాకపోతే వీడి వీపు మీద తగిలించండి, చెయ్యి అందని చోట. స్క్రూ నేను బిగిస్తాను."