ముల్లు దూకే చోటు

ప్రైవేట్ డిటెక్టివ్ లొరెటా క్విస్ట్ ఆఫీసులోకి వస్తూనే వాల్టర్ డుప్రీ తలుపు గడియ పెట్టాడు. లాస్ ఏంజెలెస్‌లో పంక్ రికార్డులమ్మే కొట్టు అతనిది. గొంతు చించుకుని అరవనిది పాటే కాదని గోడ మీద రాసి పెట్టుకున్న మనిషి.

"కొట్లో ఓ రికార్డు పోయింది మేడమ్. అట్ట పంక్ వాళ్లది. లోపలున్నది మాత్రం..." అతని చెవులు ఎర్రబడ్డాయి. "సాఫ్ట్ రాక్. మెత్తమెత్తటి ప్రేమపాటలు."

లొరెటా సహాయకుడు ఆర్విన్ నవ్వాపుకోలేక దగ్గు నటించాడు.

"నవ్వు బాబూ, నవ్వు. అందులో వెనక వంత పాడింది మా ఆవిడ ఇరీన్. పోయింది పాపం. తన గొంతు ఇంకెక్కడా లేదు నాకు."

ఆర్విన్‌కు సిగ్గేసింది.

"ఇంకో కాపీ దొరకదా?" అంది లొరెటా.

"వెతకని సందు లేదు. కంపెనీ ఆ రికార్డు తెచ్చిన ఏడే మూతబడింది. రేడియోలో ఒక్కసారీ వెయ్యలేదు. నా కాపీ మీద ఓ గీత పడింది, చివరి పాట రెండో చరణంలో గ్రామఫోన్ ముల్లు ఎగిరి ఓ లైను దాటేస్తుంది."

రికార్డు పోయిన రోజు, అది దాచిన గల్లాపెట్టె వెనక్కి వెళ్లింది ముగ్గురే. డ్రమ్ములు వాయించే గ్రెటా, పత్రికలో సంగీతం మీద రాసే మిల్టన్, పంక్ గాయకుడు డర్క్.

"నా మోతకే నా చెవులు పోయాయి, ఇంకొకళ్లదెందుకు?" అంది గ్రెటా.

"నాకు రికార్డులన్నీ ఊరికే పంపుతారండీ," అన్నాడు మిల్టన్.

"వాల్ట్ ఇంకోటి కొనుక్కుంటాడులే," అని డర్క్ చూపు తిప్పుకున్నాడు.

బయటికొచ్చాక లొరెటా ఆగింది. "దొంగ ఇంటికెళ్లి వినే ఉంటాడుగా? మరి ఈపాటికి సంగతి పాకి ఊరంతా వాల్టర్ని చూసి నవ్వాలి. ఎవరూ నవ్వడం లేదేం, ఆర్విన్?"



ఆదివారం కొట్టు మూసి, ముగ్గురినీ కూర్చోబెట్టి లొరెటా అంది. "వాల్టర్, ఆ చివరి పాట పాడండి."

"వీళ్ల ముందా? పరువు పోతుంది మేడమ్!"

"పరువు కావాలా, ఇరీన్ గొంతు కావాలా?"

వాల్టర్ కళ్లు మూసుకుని ఎత్తుకున్నాడు. గ్రెటా నోరు తెరిచింది. మిల్టన్ మూతి వంకర తిప్పాడు. డర్క్ తల దించుకునే ఉన్నాడు గానీ, గొంతులో సన్నగా వంత పాడుతున్నాడు. రెండో చరణం వచ్చింది.

"వాన వెలిసినా కాసేపు ఉండిపో..." అన్నాడు వాల్టర్.

"దీపం నేనార్పుతాలే..." అని అదే క్షణంలో డర్క్ తర్వాతి లైనుకెళ్లిపోయి, ఉలిక్కిపడి ఆగాడు.

"పాట తెలిసినంత మాత్రాన ఎవరినీ దొంగ అనలేం," అంది లొరెటా. "కానీ ఆ లైను మింగేసి పాడడం ఒక్క వాల్టర్ రికార్డే నేర్పుతుంది. పంక్ రికార్డనుకుని ఎత్తుకెళ్లావు, డర్క్. నచ్చింది కాబట్టే నవ్వలేదు."

డర్క్ జాకెట్‌లోంచి అట్ట తీశాడు. "ఇచ్చేద్దామని రోజూ తెస్తున్నా. ఇస్తే విన్నానని తెలిసిపోతుందిగా! నేను, ఇలాంటి పాటలా? కానీ వాల్ట్, ఇప్పుడు పాడిన లైను నేనెప్పుడూ వినలేదే."

వాల్టర్ రికార్డు అందుకున్నాడు. "ఎలా వింటావురా? ఇరీన్ ఒక్కతే పాడిన లైను అదే. గీత సరిగ్గా దాని మీదే పడింది. ఇప్పుడది నా ఒక్కడికే గుర్తుంది."

మిల్టన్ వంకర మూతి ఎప్పుడు సర్దుకుందో ఆర్విన్ గమనించనే లేదు.

"మళ్లీ పాడవా?" అన్నాడు డర్క్.

వాల్టర్ పాడాడు. ఆ చోటు రాగానే డర్క్ దాటిపోకుండా ఆగి, విన్నాడు.