తిరుగు గంట

2022వ సంవత్సరం. గోదారి పొంగి చెన్నూరు దిక్కు చేన్లను ముంచిన వానకాలం. బెల్లంపల్లిలో మా పాత కాలనీ క్వార్టర్ గోడలు చెమ్మకు ఉబ్బి సున్నం పెచ్చులు రాలుతున్నయి. అంతకుముందు ఎండాకాలంలోనే నా భార్య దుర్గవ్వకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పోయినయి. చెయ్యి కొంచెం తిరిగి వచ్చింది. మాట రాలేదు.

మా వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునేది దుర్గవ్వనే. ఆమె ఎత్తుకుంటేనే మిగతా ఆడోళ్ళ చప్పట్లు ఒక్క తీరుకు వచ్చేవి. నన్ను మాత్రం ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదు. "ఇగో" అనేది. వంటింట్లో నుంచి ఒక తీరుగ సాగితే ఉప్పు అయిపోయిందని, వాకిట్లో నుంచి ఇంకో తీరుగ సాగితే చుట్టాలు వచ్చిండ్రని నాకు తెలిసేది. ఆ ఒక్క మాట నాకు వాపసు కావాలె. అంతకు మించి నేను ఏమీ కోరలేదు.

కరీంనగర్ డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. "మాట పోయినా ఒక్కోసారి పాట మిగుల్తది. పాడించి చూడుండ్రి, పాట వెంబడి మాట రావచ్చు."

హార్మోనియం అడిగి తెచ్చిన. దాని స్వరాలు మెట్ల లెక్క విడివిడిగ ఉంటయి. దుర్గవ్వ పాట మెట్లు దిగదు, జారుతది. ఆమె రెండు స్వరాలు విని మొఖం తిప్పుకున్నది.

మోటార్ల వైండింగ్ షాపు నడిపే రాజం నాకు వరుసకు అల్లుడు. అతను ఫోన్లో చూపించిండు పెడల్ స్టీల్ గిటారు అనేదాన్ని. బల్ల లెక్క నాలుగు కాళ్ళ మీద నిలబడుతది. తీగెలు పైకి చూస్తుంటయి. ఎడమ చేత ఉక్కు కడ్డీ పట్టి తీగెల మీద జరపాలె. కింద పెడల్ తొక్కితే లోపలి ఇనుప సువ్వలు తీగెను లాగుతయి, స్వరం మనిషి గొంతు సాగినట్టు సాగుతది. విన్న ఘడియనే నాకు తెలిసింది, ఇది దుర్గవ్వ కోసమే పుట్టిన వాయిద్యమని. నా ఎడమ చేతి వేళ్ళు రెండు వంగవు, కానీ కడ్డీ పట్టగలవు. ఉద్యోగమంతా నేను చేసింది హాలేజి ఇంజను డ్రైవర్ పని. బాయి లోపలి నుంచి తాడుతో టబ్బులనే బొగ్గు బండ్లు లాగుడు. మా దిక్కు బొగ్గుగనిని బాయి అంటరు. కాళ్ళతో తొక్కుడు, మీటలు నెట్టుడు నాకు ఒకరు నేర్పేది కాదు.

"కొనుడెందుకు, నేనే చేస్త" అన్న.

సగం పని అయినంక రాజం వచ్చి చుట్టూ తిరిగి చూసిండు. "మామా, గిది గిటారా, కుట్టుమిషనా?"

"రెండు గాదు. హాలేజి ఇంజను."

"అత్తతోని పాట పాడిస్తవా, బొగ్గు మోపిస్తవా?"

"నువ్వు రాగితీగ చుట్టు. ముచ్చట్లు చుట్టకు."

నవ్వుకుంట పోయి, తీగెల చప్పుడును స్పీకర్‌కు అందించే చుట్టను చుట్టి తెచ్చిండు. సువ్వలకు పాత మోపెడ్ల బ్రేకు కడ్డీలు సరిపోయినయి. బేరింగు రోలరును అరగదీసి చేతి కడ్డీ చేసిన.

కట్టెతోనే వచ్చింది చిక్కు. మూతపడ్డ పాత బాయి నుంచి పైకి తెచ్చిన దిమ్మెలు పాతసామాన్ల దుకాణం వెనుక పడి ఉన్నయి. కప్పు కూలకుండ బాయిలో నిలబెట్టే దిమ్మెలు. పని మొదలుపెట్టే ముందు కప్పును తట్టి చూసేది మా వాళ్ళ అలవాటు. గట్టి కప్పు ఖంగుమంటది, పుచ్చిన కప్పు డొల్లగ పలుకుతది. అట్లనే ఒక్కొక్క దిమ్మెను తట్టిన. అన్నీ మూగవే. ఒక్కటి మాత్రం గంట లెక్క మోగింది. దాన్నే తెచ్చిన.

పక్క క్వార్టర్ ఐలవ్వ గడపలోనే ఆగిపోయింది. "బాయిల నిలిచిన కట్టె ఇంట్లకెందుకు బావా? దాని మీద ఏం పడ్డదో, దాని కింద ఎవలున్నరో."

"కట్టె కట్టెనే, ఐలవ్వా."

"నీ మొండితనం పాడుగాను. అక్క మొఖమన్న జూడు."

దుర్గవ్వ మంచం మీది నుంచి కట్టెనే చూస్తున్నది. ఆమె అన్న సిద్దిరాములు ఆ బాయిలోనే పోయిండు. నేను అప్పుడు వేరే షిఫ్టు. కప్పు కూలితే మిగతా వాళ్ళను తీసిండ్రు, అతని దాకా దారి దొరకలేదు. చివరికి ఆ దారికి గోడ కట్టి మూసిండ్రు. పీనుగ లేకుండనే దినాలు చేసినం. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళు కలిసి పాడితే ఎవరి గొంతు ఏదో వాళ్ళ అవ్వకే తెలిసేది కాదట.

చిత్రిక పడుతుంటే కట్టెలో నుంచి తడి బొగ్గు వాసన లేచింది. దాని వెనుక ఇంకో వాసన. చాన దినాలు మూసి ఉంచిన గాలి వాసన. కిటికీలు తెరిచినా పోలేదు. లక్క పాలిష్ పూత మీద పూత వేసిన. నలుపు లోపలి నుంచే పైకి తేలింది. నీళ్ళు నిలిచినట్టు మెరిసింది.

తీగెలు ఎక్కించినంక ఒక లోపం పట్టుకున్నది. అన్నిట్లో లావు తీగ నిలబడదు. ఎంత బిగించినా పొద్దుగాల లేచేసరికి దిగి ఉంటది. కట్టె ఆరుతున్నదనుకున్న. రాజం కింద పడుకొని టార్చి వేసి చూసిండు. వేళ్ళతో తడిమిండు.

"తీగ బిగించే బిరడ కదలలే మామా. కింది సువ్వ వంగింది."

"తొక్కి తొక్కి వంగి ఉంటది."

"తొక్కితే గిట్ల వంగది. ఎవలో కింది నుంచి పట్టి గుంజినట్టున్నది." లేచి చేతులు తుడుచుకున్నడు. ఆ రోజు చాయ్ కూడ తాగకుండ పోయిండు.

నేను కొత్త సువ్వ వేసిన.

పెత్రమాస వచ్చింది. పోయినోళ్ళ పేరు మీద బియ్యం ఇచ్చే దినం, ఎంగిలిపూల బతుకమ్మ దినం కూడ అదే. పొద్దున సిద్దిరాములు పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చి వచ్చిన. సాయంత్రం వాడ ఆడోళ్ళందరు పూలెత్తుకొని మైదానానికి పోయిండ్రు. ఐలవ్వ పిలిస్తే దుర్గవ్వ తల అడ్డంగ ఊపింది. ఎడమ చెయ్యి ఎత్తి గిటారు దిక్కు చూపింది.

వాడంతా ఖాళీ. దూరంగ చప్పట్లు. నేను గిటారు ముందు కూర్చున్న. కడ్డీ తీగెల మీద పెట్టి, పెడల్ మెల్లగ తొక్కి, ఆమె ఏటేటా ఎత్తుకునే వరుస ఎత్తుకున్న. స్వరం జారింది. ఆమె పెదవి కదిలింది. మళ్ళ వాయించిన. ముక్కుతో సన్నగ కలిపింది. "ఉయ్యాలో" అనే చోట ఆమె గొంతు నిజంగానే పలికింది. నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగి తీగెలు కనపడలేదు.

అప్పుడే కరెంటు పోయింది.

స్పీకర్ మీది ఎర్ర లైటు బుగ్గ ఆరింది. నేను చేతులు తీసిన. లావు తీగ ఆగలేదు... మోగుతనే ఉన్నది. కిందికి, ఇంకా కిందికి దిగుకుంట.

వాసన వచ్చింది. తడి బొగ్గు.

కట్టె లోపల చప్పుడైంది. టక్. టక్. టక్.

బాయి గంటకు ఒక భాష ఉన్నది. ఒక్కటి కొడితే ఆపుమని. మూడు కొడితే టబ్బులో మనుషులు ఎక్కిండ్రు, పైలంగ లాగుమని. విన్న డ్రైవర్ అదే గంట తిరిగి కొట్టాలె. తిరుగు గంట వింటేనే కింద ఉన్నోళ్ళు బండిని నమ్ముతరు. ఉద్యోగమంతా నా చెయ్యి చేసిన పని అది. ఆలోచించి చేసేది కాదు.

చేతి కడ్డీతో కట్టె మీద మూడు కొట్టిన.

పెడల్ నా కాలి కింద దానంతట అదే దిగింది. బరువు పడ్డది. ఖాళీ టబ్బు బరువు వేరు, బొగ్గు బరువు వేరు, మనిషి బరువు వేరు. ఒక్క మనిషి.

"అన్నా" అన్నది దుర్గవ్వ.

తేటగ. నత్తి లేదు, తడబాటు లేదు. చీకట్లో ఎవరినో చూసి గుసగుసగ అడుగుతున్నది.

"ఇంత సల్లగున్నవేంది... దూపైతుందా, నీళ్ళు కావాల్నా... ఒక్కనివే ఉన్నవా గింతకాలం..."

జవాబు నాకు వినపడలేదు. ఆమెకు వినపడుతున్నది. ఆగి, విని, మళ్ళ అడుగుతున్నది. నాకు కాలు తియ్యాలని ఉన్నది. తీస్తే ఆమె మాట ఆగుతదని భయం. తియ్యలేదు.

"ఇగో" అన్నది.

నన్నే.

"ఇగో... ఆపకు."

పెడల్ పట్టి ఉన్న. చెమటలు కారుతున్నయి. ఆమె మాట్లాడుతనే ఉన్నది, కానీ గొంతు దూరమైతున్నది. మంచం నాకు చేతికందే దూరంలో ఉన్నది. గొంతు మాత్రం మంచం కింది నుంచి... గచ్చు కింది నుంచి... ఇంకా లోతు నుంచి వస్తున్నది. ఆ పాత బాయి హాలేజికి తాడు చుట్టే డ్రమ్ము ఒక్కటే, తాళ్ళు రెండు. ఒక టబ్బు పైకి వస్తుంటే ఇంకో టబ్బు కిందికి పోతుంటది.

ఆ ముచ్చట నాకు అప్పుడు యాదికొచ్చింది.

కడ్డీతో ఒక్కటి కొట్టిన. ఆపు. ఇంకోసారి ఒక్కటి. కాలు తీసిన. పెడల్ పైకి లేవలేదు. తిరుగు గంట రాలేదు. "దుర్గా" అన్న. లోతులో ఎక్కడో ఆమె నవ్వినట్టు వినిపించింది, చిన్న పిల్ల నవ్వినట్టు. తర్వాత అదీ లేదు.

కరెంటు వచ్చేసరికి పెడల్ పైకి లేచి ఉన్నది. దుర్గవ్వ మంచం మీద గోడకు ఒరిగి కూర్చొని ఉన్నది. కండ్లు తెరిచి ఉన్నయి, ఊపిరి లేదు. మైదానంలో ఆట ఇంకా నడుస్తున్నది.

తెల్లారి ఐలవ్వ, ఇంకో ఇద్దరు ఆమెకు నీళ్ళు పోసిండ్రు. ఎన్ని బిందెలు పోసినా నీళ్ళు నల్లగనే పారినయని చెప్పిండ్రు. గోర్ల సందుల్లో బొగ్గు రజను. దుర్గవ్వ పుట్టి ఎన్నడూ బాయిలో అడుగు పెట్టలేదు.

నేను వాకిట్లో కూర్చున్న. ఐలవ్వ తడి చేతులతో బయటికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"బావా, లోపలి అర్రల పండుకున్నదెవలు? ఒక్కతీరుగ దగ్గుతుండు. మేమేమన్న నీళ్ళియ్యాల్నా?"

ఆ అర్రలో ఎవరూ లేరు. గడియ బయటి నుంచే పెట్టి ఉన్నది.

పెత్రమాస మరునాడు పొద్దెక్కకముందే దుర్గవ్వను బొంద పెట్టినం. పెత్రమాస సాయంత్రం ఆమె నాతో మాట్లాడింది ఒక్కసారి. దానికి బదులు ఆమె ప్రాణం పోయింది.