చివరి గది వరండాలో తెల్ల గౌను

అన్యాయం జరిగింది ఒక స్కూలు టీచరుకి. పదకొండేళ్ల కిందట, డిసెంబరు తొమ్మిదో తేదీ రాత్రి. జరిగిన చోటు సముద్రం ఒడ్డున వరసగా కట్టిన అద్దె గదుల్లో చిట్టచివరిది.

పరీక్ష పేపర్లన్నీ దిద్ది, వారం రోజులు ఒళ్లు మరిచి పడుకుందామని ఒక్కతీ వచ్చిందట. రెండో రాత్రే మొగుడు దిగాడు. ఇంటికి చుట్టాలొస్తున్నారు, వండేవాళ్లు లేరు, పద అన్నాడు. తెల్లారాక వస్తానంది. తెల్లారేసరికి ఆవిడ లేదు. ఇసకలో సముద్రం దాకా ఒక వరస అడుగులు... వెనక్కి వచ్చిన అడుగులు లేవు.

అప్పట్నుంచీ ఆ వరండాలో రాత్రిపూట తెల్లగా ఒకతె నిలబడుతుందని చెప్పుకుంటారు. తల ఉండదట. నీళ్లలో పోయిన మనిషికి తల ఎందుకు పోయిందో ఎవరూ చెప్పరు. మగ దెయ్యాలకి మాత్రం ఎక్కడ విన్నా తల భద్రంగానే ఉంటుంది. బతికున్నప్పుడు వాడలేదు కాబట్టి అరిగిపోలేదేమో.

ఆ గదికి అద్దె తక్కువ. అందుకే మా పిన్నికి దొరికింది.

మా పిన్ని టైలరు. రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, నిలువుటద్దం ఉన్న చిన్న దుకాణం. కుట్టేది పిన్ని. గల్లా దగ్గర కూర్చుని "రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్లండమ్మా" అనేది బాబాయి. ఆ రేపటి సాయంత్రం కోసం ఎవరి రాత్రి ఖర్చవుతుందో ఆయన ఏనాడూ ఆలోచించిన పాపాన పోలేదు.

ఆయనకింకో అలవాటుంది. పిన్ని ఎక్కడికెళ్లినా రెండోరోజుకల్లా అక్కడ ప్రత్యక్షమవుతాడు. చెల్లెలింటికి వెళ్తే వచ్చాడు. కిడ్నీలో రాయి తీయించుకుని ఆస్పత్రిలో పడుకుంటే వచ్చాడు. పండ్లు తెచ్చాడు కాబోలనుకున్నాం. సంచిలోంచి ఒక కోటు తీశాడు. గుండీలు కుట్టాలట. అక్కడున్న నర్సు సిగ్గుపడింది, ఆయన పడలేదు.

ఈసారి పిన్ని కుడిచెయ్యి మొండికేసింది. బొటనవేలు నుంచి మణికట్టు దాకా ఒకటే తిమ్మిరి. కత్తెర పట్టుకుంటే జారిపోతోంది. డాక్టరమ్మ చూసి, నరం నలిగిపోయిందంది. వారం రోజులు ఆ చేతికి ఏ పనీ చెప్పకుండా ఉంటే దారికొస్తుంది, లేదంటే ఇక కత్తెర సంగతి మర్చిపోవాల్సిందే అంది. ఇంట్లో ఉంటే ఆ చెయ్యి ఊరుకోదు, ఊరుకోనివ్వరు. అందుకని నేనే గది మాట్లాడి, ఫిబ్రవరి పదమూడున పిన్నిని బస్సెక్కించాను. దెయ్యం సంగతి తెలిసే పంపాను. దెయ్యం వచ్చి గుండీలు కుట్టమనదు కదా.

పెట్టె సర్దడం మాత్రం చూసి తీరాలి. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల షికార్లకి బట్టలు కుట్టిన మనిషి. వారానికి అల్మరా అంతా ఊడ్చుకుపోయి, అక్కడ రెండు జతలే తిప్పి తిప్పి వేసుకుని తిరిగొచ్చేవాళ్లని ఎందర్నో చూసింది. తను కుర్చీలో కూర్చుని ఎడంచేత్తో చూపిస్తూ నాచేత సర్దించింది. మూడే రంగులు... తెలుపు, ఇసకరంగు, నీలం. పైన వేసుకునేది ఏది తీసినా కింద వేసుకునే ప్రతిదానితోనూ కలవాలి. మడత పెట్టబోతే నా చేతిమీద ఒకటేసి, చుట్టమంది. లినెన్ చొక్కా లోపల, నలగని బట్ట దాని పైన. టోపీ గుంటలో లోబట్టలు కుక్కితే టోపీ అణిగిపోదు. చెప్పులకి వేరే సంచి. బస్సులో చలేస్తే ఒక శాలువ. అంతే, ఒంటిచేత్తో లాక్కెళ్లే పెట్టె.

"ఎవరో సినిమావాళ్లలా వెళ్తున్నావు పిన్నీ" అన్నాను.

"వాళ్లకీ మనలాంటి వాళ్లే కుడతారులేవే" అంది. కానీ మూత వేసేముందు పెట్టెలోకి రెండుసార్లు చూసుకుంది.

అన్నిటికంటే పైన ఒక తెల్ల గౌను. అంబ్రెల్లా కటింగు, పాదాల దాకా. ఇన్నేళ్లలో తనకోసం తను కుట్టుకున్నది అదొక్కటే. అంచు మడిచేలోపే చెయ్యి మొరాయించింది. అయినా ఆ రకం గౌనుకి అంచు వెంటనే మడవకూడదు. ఏటవాలుగా కత్తిరించిన బట్ట తన బరువుకి తనే సాగుతుంది. ఒక రాత్రంతా హ్యాంగరుకి వేలాడదీసి, ఏ పక్క ఎంత దిగిందో చూసి, అప్పుడు సమం చెయ్యాలి. అక్కడ వేలాడదీస్తాననీ, వేలాడదీయడం పని కిందకి రాదనీ నన్ను ఒప్పించింది.

గదులు చూసుకునే ఆవిడ తాళం చేతికిస్తూనే చెప్పేసిందట, చీకటిపడ్డాక వరండా తలుపు తీయొద్దని. ఎందుకో కూడా చెప్పింది. పిన్ని అంతా విని, "తల లేకపోతే నాకింకా సుఖమమ్మా. జాకెట్లకి మెడ కుట్టే దగ్గరే అందరూ నా ప్రాణం తీసేది" అందట.

మొదటి రోజు తీరికని ఏం చేసుకోవాలో పిన్నికి తెలియలేదు. ఒడ్డున కుర్చీ వేసుకుని, నీళ్లలో ఆడేవాళ్ల చొక్కాలకి భుజాలెక్కడ జారాయో చూస్తూ కూర్చుంది. రెండో రోజుకి ఆ జబ్బు కూడా వదిలింది. ఫోను కట్టేసి పెట్టె అడుగున పడేసింది. పొద్దెక్కి లేచింది. టోపీ ముఖాన వేసుకుని మళ్లీ పడుకుంది. ఒక పీత కన్నంలోంచి ఇసక తెచ్చి బయట పోస్తుంటే, ఎంతసేపో తనకే తెలియదు, చూస్తూనే ఉందట. దాని తరఫున కూడా ఎవడో రేపు సాయంత్రం అని మాటిచ్చి ఉంటాడు అనుకుందట.

ఆ రాత్రే బాబాయి బయల్దేరాడు. ఇక్కణ్ణుంచి ఆయన చెప్పింది చెప్పినట్టు.

ఆఖరి బస్సు దిగేసరికి రోడ్డుమీద పురుగు లేదు. సరుగుడు చెట్ల మధ్య నుంచి ఇసక దారి. భుజాన సంచి. అందులో డాన్సు స్కూలు వాళ్ల బట్ట, పిన్ని కత్తెర. పిన్ని బస్సు కదిలిన రోజే ఆ పని ఒప్పుకున్నాడు. ఏమనాలో దారంతా గొణుక్కుంటూ నడిచాడు... నాలుగు ముక్కలు కత్తిరించి ఇచ్చెయ్, మళ్లీ పడుకుందువుగాని...

గాలి లేదు. ఆకు కదలడం లేదు. సముద్రం కూడా ఎక్కడో దూరంగా, గొంతు తగ్గించి మాట్లాడుతున్నట్టుంది.

గదులు ఒక్కొక్కటే దాటాడు. అన్నిట్లో దీపాలు ఆర్పేశారు. చివరి గది... దాని వరండా...

తెల్లగా ఏదో ఉంది.

పిన్నే అనుకున్నాడు. "ఏమోయ్" అన్నాడు. పలకలేదు.

ఇంకా దగ్గరికి వెళ్లాడు. భుజాలున్నాయి. నడుముంది. కింద పాదాల దాకా గౌను — ఒక పక్క దిగి, ఒక పక్క ఎత్తుగా. భుజాల పైన... వెనకాల గోడ కనిపిస్తోంది.

గాలి లేకుండానే అది ఇటు తిరిగింది. మెల్లిగా... అద్దం ముందు నిలబడి వెనక కుట్టు చూసుకునే మనిషిలా.

బాబాయి సంచి భుజం మీంచి జారింది. లోపల కత్తెర చప్పుడైంది —

"ష్..." అంది అది. "పడుకుంది."

తల లేనిది ష్ అని ఎలా అంటుందని నేనడగలేదు. ఆయనా అడగలేదు. సంచి అక్కడే వదిలి, ఒక చెప్పు దారిలో వదిలి, బస్సులు ఆగే చోటుకొచ్చి పడ్డాడు. మొదటి బస్సుకి తిరిగొచ్చి, తిన్నగా మా ఇంటికొచ్చి, వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఇదంతా చెప్పాడు.

సగం వినేసరికే నాకు అర్థమైంది. తల లేదు, భుజాలున్నాయి, అంచు ఒక పక్కకి దిగింది... హ్యాంగరుకి వేలాడుతున్న అంబ్రెల్లా గౌను. దుకాణం వెనక గదిలో రాత్రిళ్లు ఏం వేలాడుతుంటాయో పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్కసారి తొంగిచూసి ఉంటే ఆయనే గుర్తుపట్టేవాడు. మాట వినిపించడం అంటారా, భయపడ్డవాడికి స్టూలు కూడా మాట్లాడుతుంది.

ఆ మాట చెప్పచ్చు. చెబితే మధ్యాహ్నం బస్సుకి పట్టపగలే మళ్లీ వెళ్తాడు. కత్తెర ఎలాగూ అక్కడే ఉంది. పిన్ని చెయ్యి సంగతి ఇక అంతే.

"ఉందంటారు బాబాయ్ అక్కడ" అన్నాను. "ఆడవాళ్ల జోలికి రాదట. మొగుళ్లంటేనే పడదట." ఇంకో గ్లాసు మంచినీళ్లు పోశాను.

ఆయన గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడు. "చేతికి... డాక్టరు ఎన్నాళ్లంది?" అన్నాడు. పిన్ని చెయ్యి గురించి ఆయన అడగగా నేను విన్న మొదటి మాట అది. వారం అని నోటిదాకా వచ్చింది. రెండు వారాలని చెప్పాను.

ఆయన అటు వెళ్లగానే గదులావిడకి ఫోను చేసి పిన్నిని పిలిపించాను. నవ్వాపుకోలేక చెప్పాను, నీ గౌనుని చూసి పారిపోయాడని. పిన్ని నవ్వలేదు.

"వరండాలో ఎవరు పెడతారే?" అంది. "ఆ ఉప్పుతేమకి తెల్లబట్ట ఏం కావాలి? తడికి అంచంతా సాగి కూర్చుంటుంది. గదిలో, బీరువా తలుపుకి తగిలించాను. వరండా తలుపు రాత్రంతా గడియే. పొద్దున నేనే తీశాను."

"మరి సంచి?" అన్నాను.

"ఇసకలో దొరికిందని ఇందాక ఈవిడే తెచ్చిచ్చింది. బట్ట ఉంది. కత్తెర లేదు."

వెంటనే వచ్చెయ్యమన్నాను. భయంగా లేదా అన్నాను.

"దేనికే?" అంది పిన్ని, నిద్రమత్తు ఇంకా వదలని గొంతుతో. "ఇన్నేళ్లలో నన్ను లేపనివ్వనిది అదొక్కతే."

మధ్యాహ్నం దుకాణం వైపు వెళ్లాను. బాబాయి స్టూలెక్కి, మూసిన షట్టరుకి అట్టముక్క కడుతున్నాడు. కింద డాన్సు స్కూలావిడ అరుస్తోంది, మాటిచ్చాక ఇదేం పద్ధతని. "కావాలంటే మీరే వెళ్లి లేపండమ్మా, చివరి గది" అన్నాడాయన, వెనక్కి తిరక్కుండా.

అట్టమీద ఆయన దస్తూరీయే. గారు అని పిన్నికి ఆయన తగిలించగా నేను చూడటం అదే మొదలు.

"టైలరుగారు పడుకున్నారు. దుకాణం తెరిచేది ఫిబ్రవరి 28."