తలుపు పెట్టని ఇల్లు

బ్లాకుల గేమ్‌లో అందరి మొదటి ఇల్లూ అగ్గిపెట్టెలాగే ఉంటుంది. నాలుగు గోడలు, మీద ఒక మూత. కిటికీలకు ఒకదానితో ఒకదానికి పొంతన ఉండదు. భయంతో గోడల నిండా కాగడాలు గుచ్చేస్తాం, పెళ్లి పందిరి లెక్క. ఆ గేమ్‌లో లోకమంతా చదరపు దిమ్మెలే. నేల తవ్వితే మట్టి దిమ్మె వస్తుంది, చెట్టు కొడితే కర్ర దిమ్మె. వాటిని పేర్చి పొద్దుగూకేలోపు ఇల్లు కట్టుకోవాలి. చీకటి పడితే వెలుగు లేని చోటల్లా ఏవో పుట్టుకొస్తాయి.

నాకు ఎవరూ నేర్పలేదు. చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడు కోటలు కడతాను, వంతెనలు కడతాను, కట్టేటప్పుడు వీడియో తీసి పెడతాను. చూసేవాళ్లు కొద్దిమందే. వాళ్లలో ఒకరు అడిగారు, అక్కా నీ మొదటి ఇల్లు చూపించవా అని. చూసి నవ్వుకుంటారులే అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

ఆ సాయంత్రం అమ్మా బాపూ బీర్కూర్‌లో చుట్టాలింటికి పోయారు, బండి మీద. మధ్యాహ్నం నుంచి ముసురు పట్టింది. నాట్లకు పోయొచ్చిన ట్రాక్టర్లు మా గల్లీని బురద బురద చేసిపెట్టాయి. ఇంట్లో నేను, మా చెల్లె సింధుజ. దానికి ఎనిమిదేళ్లు. నా మొదటి ఇల్లు ఉన్నది బాపు పాత ఫోన్లో. ఆ ఫోను బీరువాలో బట్టల అడుగున పడి ఉంది, అద్దం పగిలి, ప్రాణం పోయి. కొత్తది కొన్నప్పటి నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఛార్జింగ్ పెట్టి, కొంచెం ఎక్కగానే తెరిచాను. అక్కడే, వెనక గదిలో కూర్చుని రికార్డింగ్ మొదలుపెట్టాను. సింధు నా భుజం మీద గడ్డం ఆనించి కూర్చుంది.

"గిదా నీ ఇల్లు? కోళ్ల గూడు లెక్కుంది."

"అప్పుడు నాకు రాకపోతుండె."

"కప్పు మీద గొర్రెలను పరిచినవా?"

"ఉన్ని అది. రేకులు తెల్లగ కనబడాలని ఏసిన."

"కంకరేంది నేల మీద?"

"షాబాదు బండల రంగని. దూరంకెల్లి చూస్తే గట్లనే ఉంటది."

అది తెర మీదికి వంగి మెల్లగా అంది. "అక్కా... ఇది మన ఇల్లే కదా."

అవును. మా ఇల్లే. ముందు అరుగు, రెండు గదులు, పక్కన వంటిల్లు. ఎందుకు అదే కట్టానో చెప్పాలంటే అవ్వ సంగతి చెప్పాలి.

అవ్వ అంటే మా బాపును కన్నతల్లి, పోసవ్వ. జ్వరాల కాలంలో పోయింది, వెనక గదిలో, నవారు మంచం మీద. ఛాతీకీ ముక్కుకూ ఎప్పుడూ జిందా తిలిస్మాత్ మందు రాసుకునేది. గదిలోకి అడుగుపెడితే ఆ ఘాటుకు కళ్లు మండేవి. చివరి దినాల్లో ఒక్కటే అడిగేది.

"చిన్నదాన్ని తోలుండ్రి. ఒక్కపారి పక్కన పండవెట్టుకుంట."

చిన్నది అంటే సింధు. అప్పుడు దానికి మూడేళ్లు. అంటుకునే జ్వరం కదా, అమ్మ గడప మీదే అడ్డంగా నిలబడేది. "తగ్గినంక పండవెట్టుకుందువు అత్తా" అనేది. తగ్గలేదు.

అవ్వ పోయిన నక్షత్రం మంచిది కాదన్నాడు అయ్యగారు. ధనిష్ఠ. అట్లా పోయినవాళ్లను వాకిలి గుండా తీయరు. వెనక గోడకు గండి కొట్టి, అందులోంచి తీసుకుపోయారు. అదే పూట మేస్త్రీ వచ్చి ఇటుకలు పేర్చి గండి మూసేశాడు. పోయినవాళ్లు ఏ తొవ్వన పోతే ఆ తొవ్వనే వెనక్కి వస్తారట. అది మూసి ఉంటే మళ్లిపోతారట. ఇంటికి తాళం వేసి ఆరు నెలలు విడిచిపెట్టమన్నాడు అయ్యగారు. ఆ ఆరు నెలలు ఆ ఇంట్లో దీపం వెలగొద్దు, పొయ్యి రాజేయొద్దు, ఎవరూ పండుకోవద్దు.

మేము బస్టాండు వెనక కిరాయి గదిలో ఉన్నాం. ఊపిరాడని గది. నాకు ఇల్లు యాదికొచ్చి ఏడుపొచ్చేది. అందుకని బాపు ఫోన్లో మా ఇల్లు కట్టుకున్నాను. దాన్నిండా కాగడాలు పెట్టాను. పొయ్యి పెట్టాను. అవ్వ మంచం ఉన్న చోటే ఎర్ర మంచం వేశాను. గేమ్‌లో రాత్రయినప్పుడల్లా అందులోనే పడుకున్నాను.

ఆ వయసులో నాకది ఆట. నియమం ఇంటికి కదా, ఫోనుకు కాదు కదా. ఆరు నెలలయ్యాక పూజ చేయించుకుని ఈ ఇంటికి తిరిగొచ్చాం. మూసిన గండి ముందు బీరువా నిలబెట్టారు. నేను గేమ్‌లో ఇంకో లోకం మొదలుపెట్టి, ఆ ఇంటిని మరిచిపోయాను.

"లోపలికి పోదాం పా" అంది సింధు.

గేమ్‌లో నా బొమ్మను ఇంటి ముందుకు నడిపించాను. అక్కడ అప్పటికే రాత్రి. అరుగు ఉంది. అరుగెక్కితే గోడ ఉంది. వాకిలి ఉండాల్సిన చోట కూడా గోడే.

"తలుపేదక్కా?"

అప్పుడు యాదికొచ్చి నవ్వాను కూడా. తలుపు చేయడం నాకు అప్పటికి రాదు. లోపల నిలబడి చుట్టూ గోడలు లేపేసుకున్నాను. బయటికి వచ్చే దారి లేక, ఒకచోట రెండు దిమ్మెలు పగలగొట్టుకుని వచ్చాను. కొత్తవాళ్లు చేసే పనే. తర్వాత ఎప్పుడూ అక్కణ్నుంచే రాకపోకలు. ఇదంతా వీడియోకు చెబుతూనే ఇంటి వెనక్కి తిప్పాను.

వెనక గోడ మధ్యలో నల్లగా, మనిషి దూరేంత సందు.



తల తిప్పి చూశాను. మా వెనక గది. బీరువా. బీరువా వెనక మేస్త్రీ మూసిన గండి. నేను గేమ్‌లో పగలగొట్టుకున్న చోటు సరిగ్గా అదే. ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు. ఇక్కడ మూసిన తొవ్వను అక్కడ నేను తెరిచిపెట్టాను. ఆ ఇంట్లోకి పోవడానికి అదొక్కటే దారి.

అప్పుడే కరెంటు పోయింది.

వాన చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చినట్టయింది. పగిలిన ఫోను వెలుగు మా ఇద్దరి మోకాళ్ల దాకా పడుతోంది, అంతే. సింధు నా చెయ్యి పట్టుకుంది.

"ఆపెయ్యాల్నా?" అన్నాను.

"లోపలేముందో చూసి ఆపెయ్."

ఆ మాట నేనూ అనుకున్నాను. ఏముంటుంది, నేను కట్టిందే కదా. సందులోంచి లోపలికి నడిపించాను. కంకర మీద అడుగు వేస్తే ఆ గేమ్‌లో కరకరమని చప్పుడొస్తుంది. కరకర... కరకర... లోపల చీకటి. నేను గోడల నిండా గుచ్చిన కాగడాల్లో ఒక్కటే మిగిలింది. మంచం తల దగ్గర. శవం తలాపున దీపం పెట్టినట్టు.

ఎర్ర మంచం నేను వేసిన చోటే ఉంది. దాన్ని ఆనుకుని ఇంకో మంచం ఉంది. గులాబీ రంగుది.

"గది నువ్వు పెట్టినవా?" సింధు గొంతు తగ్గింది.

నేను పెట్టలేదు. అప్పుడు నాకు రంగులు కలపడమే తెలియదు. ఫోను ఇన్నేళ్లూ బీరువాలోనే ఉంది. నెట్టు లేని ఫోను. ఆ లోకంలోకి ఇంకొకరు రావడానికి వీల్లేదు.

"అక్కా... ఏందో మందు వాసనొస్తుంది."

నాకు అంతకు ముందే వచ్చింది. పైకి చెప్పలేదు. కళ్లు మండుతున్నాయి. అవ్వ పోయాక ఆ సీసా మా ఇంట్లోకి రాలేదు. అమ్మ రానివ్వలేదు. సింధుకు ఆ వాసన పేరు కూడా తెలియదు.

ఎందుకు నొక్కానో చెప్పలేను. వేలు దానంతటదే ఎర్ర మంచం మీదికి పోయింది. మామూలుగా అయితే మన బొమ్మ పడుకోవాలి. పడుకోలేదు. కింద ఇంగ్లీషులో ఒక వరుస వచ్చింది. ఈ మంచంలో ఎవరో ఉన్నారు.

మంచం మీద ఎవరూ లేరు. ఎర్రగా, ఖాళీగా కనబడుతోంది.

గులాబీది నొక్కాను. బొమ్మ పడుకోబోయింది. అది ఖాళీ. వెంటనే లేపేశాను.

కరకర.

నేను ఏమీ నొక్కలేదు. రెండు బొటనవేళ్లూ గాలిలో ఉన్నాయి.

కరకర... కరకర...

"నువ్వు నడుస్తలేవు కదా?" అని గుసగుసగా అడిగింది సింధు.

ఎర్ర మంచం దగ్గర మొదలైంది చప్పుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల నడక. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ. కనబడేది ఏమీ లేదు. చప్పుడు మాత్రం మా వైపు వస్తోంది... ఇంకా... ఇంకా...

నేను తిప్పేసుకుని పరుగెత్తించాను. సందులోంచి బయట పడ్డాను. చేతిలో మట్టి దిమ్మెలున్నాయి. ఒకటి కింద, ఒకటి మీద. గండి మూసేశాను.

చప్పుడు ఆగిపోయింది.

ఊపిరి పీల్చుకున్నాను. అయిపోయిందిలే అన్నాను సింధుతో. అది నా మొహంలోకి చూస్తోంది. ఫోను వెలుగులో దాని కళ్లు మెరుస్తున్నాయి.

"బయటికి పోయే తొవ్వ అదొక్కటే కదా అక్కా."

"ఊఁ."

"మరి అది మూసినవ్. ఇగ ఎటు పోతది?"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తలుపు లేని ఇల్లు. ఉన్న ఒక్క దారీ మూసేశాను. బయట నిలబడి, లోపల ఉన్నదాన్ని లోపలే పెట్టి. ఆ ఇల్లు మా ఇల్లే కదా...

గండి తెరవాలని మట్టి మీద వేలు పెట్టాను. ఛార్జింగ్ అయిపోయి ఫోను ఆరిపోయింది.

చీకటి. వాన. మందు ఘాటు.

కరకర.

మా ఇంట్లో కంకర లేదు. షాబాదు బండలు, నున్నగా తుడిచినవి. వాటి మీద ఎంత గట్టిగా నడిచినా ఆ చప్పుడు రాదు. చప్పుడు బీరువా దగ్గర నుంచి వచ్చింది. ఒకటి గట్టిగా. ఒకటి ఈడుస్తూ.

నేను సింధు జబ్బ పట్టి లేపాను. లేవలేదు. బరువైపోయింది. దాని రెండో చెయ్యి వెనక్కి చాచి ఉంది... ఎవరో పట్టుకున్నట్టు.

"వదులు" అన్నాను. ఎవరితో అన్నానో తెలియదు. "అవ్వా... అది చిన్నది. వదులు."

కరకర ఆగింది. దగ్గరగా ఊపిరి వినిపించింది. కఫం పట్టిన ఊపిరి. చెవి పక్కనే.

నా బలమంతా పెట్టి గుంజాను. ఏదో జారినట్టు సింధు వచ్చి నా మీద పడింది. దాన్ని ఎత్తుకునే వాకిలి దాకా పోయాను. గడియ తీశాను. అరుగు దిగి వానలో, బురదలో, గల్లీ మధ్యలో నిలబడ్డాను. బాపు బండి లైటు మలుపు తిరిగేదాకా అక్కణ్నుంచి కదల్లేదు.

"ఏందే, వానల నిలబడ్డరు? పిచ్చిలేసిందా?" అన్నాడు బాపు. కరెంటు అప్పుడే వచ్చింది. అమ్మ మమ్మల్ని తిడుతూనే లోపలికి నడిచింది. వెనక గది దాకా పోయి ఆగిపోయింది. ఆమె వీపు మాత్రమే కనబడుతోంది నాకు.

"ఎవలకు జ్వరమొచ్చింది?" అంది.

అమ్మ మళ్లీ అడగలేదు. ఆ వాసన ఏమిటో ఆమెకు తెలుసు. సింధును తువ్వాలతో తుడుస్తూ, దాని మణికట్టు చూసి చేతులు ఆపింది. ఎర్రగా కమిలి ఉంది. నాలుగు వేళ్లు, పక్కన బొటనవేలు.

"నువ్వు గుంజినవా?" అని అడిగింది నన్ను.

నేను గుంజింది ఆ చెయ్యి కాదు. అయినా అవునన్నాను.

అప్పటి నుంచి సింధు అమ్మకూ నాకూ మధ్యనే పడుకుంటోంది, ముందు గదిలో, నేల మీద. గొళ్లెం పెట్టుకుంటున్నాం. వీడియో పెట్టలేదు. ఫోను నీళ్లల్లో పారేద్దామనుకున్నాను. కానీ గండి మూసి ఉండగా పారేస్తే, ఆమె ఇక్కడే ఉండిపోతుంది కదా. అందుకని ఇవాళ ధైర్యం చేసి ఛార్జింగ్ పెట్టాను. తెరిచి ఆ రెండు మట్టి దిమ్మెలూ తీసేద్దామని. పొమ్మని చెబుదామని.

అమ్మ నిద్రపోయింది. సింధు కూడా. నేను లోకం తెరిచి ఇంటి వెనక్కి పోయాను.

గండి తెరిచే ఉంది. మట్టి దిమ్మెలు రెండూ బయట నేల మీద పడి ఉన్నాయి, ఎవరో లోపలి నుంచి తోసినట్టు.

పోయింది అనుకున్నాను. నిజంగా చెబుతున్నాను, కళ్లనీళ్లొచ్చాయి. ఒక్కసారి చూసుకుందామని లోపలికి పోయి ఎర్ర మంచం నొక్కాను. ఏమీ అడ్డు రాలేదు. ఖాళీ. బొమ్మ పడుకోబోతే లేపేశాను.

గులాబీ మంచం నొక్కాను.

ఈ మంచంలో ఎవరో ఉన్నారు.

పక్కకు తిరిగి చూశాను. సింధు పడుకునే ఉంది. ఊపిరి తీస్తోంది. కాకపోతే ఎప్పుడూ అమ్మను కరుచుకుని పడుకునేది, ఇప్పుడు నా వైపు బాగా జరిగి, అమ్మకూ తనకూ మధ్య చోటు వదిలి పడుకుంది. ఒక మనిషికి సరిపోయేంత చోటు. దాని చెయ్యి ఆ చోటు మీద వేసి ఉంది. నేల మీద ఆనలేదు ఆ చెయ్యి... కొంచెం పైన ఆగి ఉంది. మెల్లగా లేస్తోంది, దిగుతోంది.